ఫైల్ పేరు కాదు, హ్యాష్ అడగండి

ఆర్‌టీఓ చలాన్ డాట్ ఏపీకే. పీఎం కిసాన్ డాట్ ఏపీకే. ఎస్‌బీఐ రివార్డ్స్ డాట్ ఏపీకే. పెళ్లిళ్ల సీజన్ వస్తే వెడ్డింగ్ ఇన్విటేషన్ డాట్ ఏపీకే. వరంగల్‌లో ఏ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లకైనా ఈ పేర్లు ఈపాటికి అలవాటై ఉంటాయి. పంపేది ముక్కూ మొహం తెలియని నంబరే అయితే సగం బాధ తప్పేది. చాలాసార్లు పంపేది మన బాబాయి, మన ఇంటర్ క్లాస్‌మేట్. వాళ్ల ఫోన్ అప్పటికే దొంగల చేతిలో ఉంది, అందుకే వాళ్ల నంబర్ నుంచి మనకి వచ్చింది. నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది, ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్ అడుగుతుంది, ఆ తర్వాత మన ఓటీపీలు మనకంటే ముందు ఇంకొకడికి చేరతాయి.

2024 జూలైలో సెక్యూరిటీ కంపెనీ క్లౌడ్‌సెక్ ఈ చలానా మోసం వెనకున్న ఒక గ్యాంగ్ గురించి రిపోర్ట్ ఇచ్చింది. వియత్నాం నుంచి నడిచే ఆ గ్యాంగ్ వాడిన మాల్‌వేర్ పేరు మావోరిస్‌బాట్. ఆ ఒక్క గ్యాంగే 4,400కి పైగా ఫోన్లలోకి దూరిందనీ, రూ.16 లక్షలకి పైగా కొట్టేసిందనీ అందులో ఉంది. పరివాహన్ పేరు, లోగో, చలానా నంబర్, అన్నీ చూడ్డానికి అసలు లాగానే ఉంటాయి. అసలు సంగతి ఏంటంటే పోలీసులు గానీ, రవాణా శాఖ గానీ చలానాని ఏపీకే ఫైల్‌గా ఎవరికీ పంపరు. ఎస్‌బీఐ కూడా అంతే, మేం వాట్సాప్‌లో ఏపీకేలు పంపం అని చెప్తూనే ఉంది.

దీనికి అందరూ చెప్పే మందు ఒకటుంది: "ప్లే స్టోర్ తప్ప ఇంకెక్కడినుంచీ ఏదీ ఇన్‌స్టాల్ చేయొద్దు." అమ్మకీ నాన్నకీ ఇది మంచి సలహానే. ఈ సైట్ చదివేవాళ్లకి మాత్రం పనికిరాదు. ఎందుకంటే మనం ఆగం. జీక్యామ్ పోర్ట్ కావాలి, ఎఫ్-డ్రాయిడ్ యాప్స్ కావాలి, సపోర్ట్ ఆగిపోయిన రెడ్‌మీకి కస్టమ్ రామ్ కావాలి. 2022 జూలై 28న బీజీఎంఐని స్టోర్ల నుంచి తీసేశాక 2023 మేలో మళ్లీ వచ్చేదాకా ఆ పది నెలలు మనోళ్లు ఏపీకే, ఓబీబీ ఫైళ్లు ఎక్కడెక్కడి టెలిగ్రామ్ ఛానళ్ల నుంచి లాగారో మీకు తెలుసు. అలాంటి జనానికి "వద్దు" అని చెప్పి చేతులు దులుపుకుంటే లాభం లేదు. ఎలా చూసుకోవాలో చెప్పాలి.

నా వాదన సింపుల్. ఫైల్ చేతికి రాగానే మనం అడిగే ప్రశ్నే తప్పు. "ఇందులో వైరస్ ఉందా?" అని అడుగుతున్నాం. అడగాల్సింది "ఈ ఫైల్ ఎవరికైనా తెలుసా?" అని. ఆ ప్రశ్నకి జవాబిచ్చేది హ్యాష్.

పేరు ప్యాకెట్ మీదిది, హ్యాష్ లోపలిది

నకిలీ విత్తనాల గురించి మన ఎనుమాముల మార్కెట్‌కి పత్తి, మిర్చి తెచ్చే రైతుని అడగండి. ప్యాకెట్ మీద పెద్ద కంపెనీ పేరు, రంగురంగుల బొమ్మ. లోపలి గింజ వేరు. అది తెలిసేది నాటిన రెండు నెలలకి, చేను చూసుకున్నాక. ఫైల్ పేరు, ఐకాన్, సైజు అచ్చం ఆ ప్యాకెట్ లాంటివి. ఎవడైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. మన అదృష్టం ఏంటంటే, ఫైల్ విషయంలో నాటి చూడక్కర్లేదు. ఓపెన్ చేయకుండానే లోపల ఉన్నది ఫలానాదేనా కాదా అని తేల్చే లెక్క ఉంది.

ఎస్‌హెచ్‌ఏ-256 అనేది ఆ లెక్క. ఫైల్‌లోని ప్రతి బిట్‌నీ అందులో వేస్తే చివర్లో 64 అక్షరాల వరస ఒకటి వస్తుంది, అంకెలూ ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలూ కలిపి. 2 కేబీ ఫైల్‌కీ 64 అక్షరాలే, 4 జీబీ రామ్‌కీ 64 అక్షరాలే. ఫైల్ పేరు మార్చండి, హ్యాష్ మారదు. లోపల ఒక్క బిట్ మార్చండి, హ్యాష్ మొత్తం గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది. వచ్చే అవకాశాలు 2 పవర్ 256, అంటే 78 అంకెల సంఖ్య. రెండు వేర్వేరు ఫైళ్లకి పొరపాటున ఒకే హ్యాష్ వస్తుందేమో అనే భయం అక్కర్లేదు.

చూసుకోవడానికి రాకెట్ సైన్స్ ఏమీ లేదు. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ అని కొట్టి ఫైల్‌ని అందులోకి లాగితే చాలు. లినక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్ కమాండ్ ఎప్పటినుంచో ఉంది. ఫోన్‌లోనే చేయాలంటే టెర్మక్స్ ఉంది, మిక్స్‌ప్లోరర్ లాంటి ఫైల్ మేనేజర్లలో ఫైల్ ప్రాపర్టీస్‌లోనే చూపిస్తుంది. పది సెకన్ల పని.

తెలిసినవాళ్ల లిస్టు

ఇక్కడే మనోళ్లు ఒక పొరపాటు చేస్తారు. ఏపీకేని వైరస్‌టోటల్‌లో పడేస్తారు, 70 దాకా ఉన్న యాంటీవైరస్ ఇంజిన్లలో ఒక్కటీ ఎర్ర జెండా చూపించలేదు, "సున్నా డిటెక్షన్లు, క్లీన్ బ్రో" అని గ్రూపులో స్క్రీన్‌షాట్ పెడతారు. సున్నా అంటే మంచిదని కాదు. ఎవరూ ఇంకా పట్టుకోలేదని అర్థం. మాల్‌వేర్ తయారుచేసేవాడికి ఒక బిట్ మార్చి కొత్త ఏపీకే వదలడం నిమిషం పని. పొద్దున ఒక హ్యాష్, మధ్యాహ్నం ఇంకో హ్యాష్. చెడ్డ హ్యాష్‌ల లిస్టు ఎంత పెద్దదైనా ఈ పరుగులో వెనకే ఉంటుంది.

అదే లెక్కని తిరగేసి చూడండి. మీకొచ్చిన ఫైల్ తనని తాను ఎస్‌బీఐ యాప్ అని చెప్పుకుంటోంది. ఎస్‌బీఐ యాప్ కోట్ల ఫోన్లలో ఉంది. అలాంటి యాప్ అసలు కాపీ అయితే ప్రపంచంలో ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చూసే ఉండాలి. వైరస్‌టోటల్ సెర్చ్ బాక్స్‌లో హ్యాష్ పేస్ట్ చేస్తే "ఇలాంటిది లేదు" అని వచ్చిందనుకోండి, లేదా మొదటిసారి సబ్మిట్ అయిన తేదీ నిన్నటిది ఉందనుకోండి, ఇంకే సాక్ష్యం కావాలి? అంత పేరున్న యాప్‌ని అంతమందిలో ఎవరూ చూడకపోవడమే దాని మీద పెద్ద నేరారోపణ. డిటెక్షన్లు సున్నా అయినా సరే. (ఒక చిన్న లాభం కూడా ఉంది: హ్యాష్‌తో వెతికితే ఫైల్ మీ దగ్గరే ఉంటుంది. అప్‌లోడ్ చేస్తే అది వాళ్ల పెయిడ్ కస్టమర్లకీ అందుబాటులోకి వెళ్తుంది. సొంత డాక్యుమెంట్లు అందులో పడేసే అలవాటున్నవాళ్లు కాస్త ఆలోచించాలి.)

ఈ "తెలిసినవాళ్ల లిస్టు" ఐడియా నాది కాదు, పాతదే. అమెరికాలో ప్రమాణాల సంస్థ నిస్ట్ నడిపే నేషనల్ సాఫ్ట్‌వేర్ రిఫరెన్స్ లైబ్రరీ అని ఒకటుంది. పేరుకి లైబ్రరీనే, నిజంగానే అల్మారాలు నిండా సాఫ్ట్‌వేర్ డబ్బాలు, సీడీలు ఉంటాయి. కొన్న ప్రతి సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి ఫైల్‌కీ హ్యాష్ తీసి, ఏ ప్రోగ్రామ్‌లోది, ఏ వెర్షన్‌లోది అని రాసి, ఆ లిస్టుని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునేలా పెడతారు. మూడు నెలలకోసారి అప్‌డేట్ వస్తుంది. పీసీ సాఫ్ట్‌వేర్‌తో పాటు ఆండ్రాయిడ్, ఐఓఎస్ యాప్‌లకీ సెట్లు ఉన్నాయి.

దీన్ని ఎక్కువగా వాడేది ఫోరెన్సిక్ వాళ్లు. ఒక కేసులో లాప్‌టాప్ సీజ్ చేశారనుకోండి. అందులో లక్షల ఫైళ్లుంటాయి. వాటిలో పెద్ద భాగం విండోస్‌వి, ఆఫీస్‌వి, క్రోమ్‌వి. ప్రతిదీ తెరిచి చూస్తూ కూర్చుంటే రిటైర్‌మెంట్ వస్తుంది. అందుకని హ్యాష్ తీసి, లిస్టులో ఉన్నవన్నీ పక్కన పెట్టేస్తారు. మిగిలినవే ఆ మనిషివి. గడ్డివాములో సూది వెతకడం కాదు, గడ్డినంతా గుర్తుపట్టి తీసేయడం. నాకు ఈ పద్ధతి ఎందుకు నచ్చుతుందంటే, ఇందులో ఎవరూ "ఇది మంచిది" అని సర్టిఫికెట్ ఇవ్వట్లేదు. ఆ లైబ్రరీ వాళ్లు కూడా ఇవ్వరు. వాళ్ల లిస్టులో హ్యాకింగ్ టూల్స్ హ్యాష్‌లు కూడా ఉన్నాయి, అవీ దొరికే సాఫ్ట్‌వేరే కాబట్టి. "ఇది ఫలానాది" అని మాత్రమే చెప్తారు. మంచో చెడో మీరు తేల్చుకోండి అంటారు. గుర్తింపు వేరు, నమ్మకం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం వల్లే సగం గొడవలు.

సర్వీస్ షాపు హార్డ్‌డిస్కు

ఇప్పుడు మన ఊరి సంగతి. బూట్‌లూప్‌లో పడిన ఫోన్ తీసుకుని హన్మకొండలోనో, వరంగల్ స్టేషన్ రోడ్డు వైపో ఏ చిన్న సర్వీస్ షాపుకి వెళ్లినా ఒక దృశ్యం మామూలే. పాత పీసీ, దానికి వేలాడే ఒక హార్డ్‌డిస్కు, అందులో ఏళ్ల తరబడి పోగైన ఫర్మ్‌వేర్లు. ఒకటి ఫ్రెండ్ ఇచ్చింది, ఒకటి ఏదో ఫైల్‌షేరింగ్ సైట్‌ది, ఇంకోటి కోఠిలో కాపీ కొట్టుకొచ్చింది. ఆ అన్నల పనితనం మీద నాకు గౌరవం ఉంది, అఫీషియల్ సర్వీస్ సెంటర్ "మదర్‌బోర్డ్ మార్చాలి" అని చెప్పిన ఫోన్‌ని వీళ్లు అరగంటలో లేపి కూర్చోబెడతారు. కానీ ఆ హార్డ్‌డిస్కులోని ఫైల్ కంపెనీది అవునా కాదా అని అడిగితే జవాబు "ఎప్పుడూ ఇదే కొడతాం, ఏం కాలే" అని ఉంటుంది.

చిత్రం ఏంటంటే కంపెనీలు హ్యాష్‌ని మన కళ్ల ముందే పెట్టాయి, మనం చూడం. షావోమీ రికవరీ రామ్ జిప్ ఫైల్ పేరు గుర్తు చేసుకోండి: ముందు మియూఐ అని, ఫోన్ పేరు, వెర్షన్, ఆ తర్వాత అర్థంపర్థం లేనట్టు కనిపించే 10 అక్షరాలు, చివర ఆండ్రాయిడ్ వెర్షన్. ఆ 10 అక్షరాలు చెత్త కాదు. ఆ ఫైల్ ఎండీ5 హ్యాష్‌లో మొదటి 10. గూగుల్ పిక్సెల్ ఫ్యాక్టరీ ఇమేజ్ పేరు చివర కూడా ఇలాగే ఎస్‌హెచ్‌ఏ-256లో మొదటి 8 అక్షరాలుంటాయి, పూర్తి హ్యాష్ డౌన్‌లోడ్ పేజీలో పక్కనే ఉంటుంది. శాంసంగ్‌ది ఇంకో పద్ధతి. ఓడిన్‌లో వేసే ఫైల్ చివర "టార్ డాట్ ఎండీ5" అని ఎందుకుంటుందో తెలుసా? ఫైల్ తోకకి దాని ఎండీ5ని అతికిస్తారు. ఓడిన్ ముందు దాన్ని సరిచూసుకుని, తేడా ఉంటే ఫ్లాష్ చేయనంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తోకకి అతికించిన హ్యాష్, పేరులో పెట్టిన హ్యాష్, ఇవి డౌన్‌లోడ్ మధ్యలో తెగిందా, పెన్‌డ్రైవ్ పాడైందా అని చెప్పడానికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. కావాలని మార్చినవాడిని పట్టుకోవడానికి పనికిరావు. ఫర్మ్‌వేర్‌ని మార్చగలిగినవాడికి కొత్త హ్యాష్ తీసి మళ్లీ అతికించడం, పేరు మార్చడం ఒక లెక్కా? ఇంటి తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. బూట్‌లోడర్ లాక్ అయి ఉంటే కంపెనీ సంతకం లేని సిస్టమ్‌ని ఫోన్ ఎలాగూ బూట్ కానివ్వదు. మనం ముందుగా చేసేదే బూట్‌లోడర్ అన్‌లాక్ కాబట్టి ఆ కాపలా కూడా మన చేతులతో మనమే తీసేసినట్టు. అందుకని హ్యాష్ ఫైల్‌తో పాటు రాకూడదు. ఇంకో దారిలో రావాలి.

ఈ మాట ఊరికే అనట్లేదు. రెండు కథలు చూడండి.

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ వెబ్‌సైట్ హ్యాక్ అయింది. 17.3 సినమన్ ఎడిషన్ డౌన్‌లోడ్ లింక్‌ని హ్యాకర్ తన సర్వర్ వైపు తిప్పేశాడు. అక్కడ పెట్టిన ఐఎస్ఓలో బ్యాక్‌డోర్ ఉంది. మరి హ్యాష్ చూసుకున్నవాళ్లు తప్పించుకున్నారా అంటే, హ్యాష్ ఉన్నదీ అదే వెబ్‌సైట్‌లో. దాన్నీ మార్చేశానని ఆ హ్యాకర్ తర్వాత ఓ విలేకరికి చెప్పాడు. దొంగ ఫైల్‌కి దొంగ హ్యాష్. రెండూ చక్కగా మ్యాచ్.

2017 మే మొదటి వారం, వీడియో కన్వర్టర్ హ్యాండ్‌బ్రేక్. మ్యాక్ వెర్షన్ పెట్టిన ఒక మిర్రర్ సర్వర్‌లోకి దూరి, అసలు ఫైల్ తీసి ట్రోజన్ ఉన్నది పెట్టారు. ఈసారి తేడా ఏంటంటే మెయిన్ సైట్ జోలికి వెళ్లలేకపోయారు. హ్యాష్‌లు అక్కడ పదిలంగా ఉన్నాయి. చూసుకున్నవాడికి మ్యాచ్ కాలేదు, ఆగిపోయాడు. చూసుకోనివాళ్లలో ప్యానిక్ అనే పేరున్న మ్యాక్ యాప్ కంపెనీ వ్యవస్థాపకుడు ఒకరున్నారు. ఆ ఒక్క ఇన్‌స్టాల్‌తో కంపెనీ సోర్స్ కోడ్ దొంగల చేతికి పోయింది. ఆ సంగతి కంపెనీయే ధైర్యంగా బయటికి చెప్పింది.

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకి ఈ బాధ ఉండదు, ఎందుకో కూడా చెప్పుకోవాలి. ఆప్ట్ అప్‌డేట్ అని కొట్టగానే ముందు రిలీజ్ అనే ఫైల్ వస్తుంది, దాని మీద డిస్ట్రో వాళ్ల డిజిటల్ సంతకం. ఆ ఫైల్‌లో ప్యాకేజీల లిస్టు హ్యాష్ ఉంటుంది. ఆ లిస్టులో ఒక్కో ప్యాకేజీ హ్యాష్ ఉంటుంది. సంతకం సరిపోతే లిస్టు సరైనది, లిస్టు సరైనదైతే ప్యాకేజీ సరైనది. కాబట్టి ఫైల్ ఏ ఊరి మిర్రర్ నుంచి వచ్చినా, ఏ కాలేజీ సర్వర్ నుంచి వచ్చినా మధ్యలో ఎవడూ వేలు పెట్టలేడు. యూజర్‌కి ఇదంతా కనిపించదు కూడా. ఫోన్ సాఫ్ట్‌వేర్ కోసం టెలిగ్రామ్ ఛానళ్ల మీద పడే మనం ఈ విషయంలో లినక్స్ వాళ్ల కంటే పాతికేళ్లు వెనకున్నాం అంటే కోపం తెచ్చుకోవద్దు.

ఎండీ5 గురించి ఒక్క మాట, ఎందుకంటే కామెంట్లలో ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు. ఒకే ఎండీ5 వచ్చేలా రెండు ఫైళ్లు తయారు చేయొచ్చని 2004లోనే చైనా పరిశోధకులు చూపించారు. ఎస్‌హెచ్‌ఏ-1కి అదే గతి 2017 ఫిబ్రవరిలో పట్టింది, గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ కలిసి ఒకే హ్యాష్ ఉన్న రెండు పీడీఎఫ్‌లు విడుదల చేశాయి. ఆల్రెడీ ఉన్న మీ ఫైల్‌కి సరిపోయే దొంగ ఫైల్ తయారు చేయడం ఎండీ5లోనూ ఇప్పటికీ ఆచరణలో కుదరని పనే. అయినా 256 ఉచితంగా ఉండగా పాత తాళం ఎందుకు?

హ్యాష్ చేయలేని పని

హ్యాష్‌ని దేవుణ్ని చేయొద్దు. 2017 ఆగస్టులో వచ్చిన సీక్లీనర్ 5.33 గుర్తుందా? మన దగ్గర ప్రతి ఇంటర్నెట్ సెంటర్ పీసీలో ఉండే సాఫ్ట్‌వేర్ అది. కంపెనీ బిల్డ్ సిస్టమ్‌లోకే చొరబడి మాల్‌వేర్ కలిపారు. అఫీషియల్ సైట్, అసలు సంతకం, సరైన హ్యాష్, అన్నీ కరెక్టే. 22 లక్షలకి పైగా కంప్యూటర్లలోకి వెళ్లింది. హ్యాష్ "ఇది కంపెనీ ఇచ్చిన ఫైలే" అని నిజమే చెప్పింది. కంపెనీ ఇచ్చిందే విషం అయితే అదేం చేస్తుంది?

ఆండ్రాయిడ్‌లో ఇంకో చిక్కు. 2021 ఆగస్టు నుంచి ప్లే స్టోర్‌లో కొత్త యాప్‌లు బండిల్ రూపంలోనే ఇవ్వాలి. గూగుల్ మీ ఫోన్‌కి తగ్గట్టు ముక్కలు చేసి పంపుతుంది. మీ ఫోన్ ప్రాసెసర్ వేరు, నా స్క్రీన్ వేరు, కాబట్టి ఇద్దరి దగ్గరున్న ఫైళ్ల హ్యాష్‌లు తేడాగా ఉండొచ్చు, రెండూ అసలువే అయినా. ఇలాంటి చోట చూడాల్సింది ఫైల్ హ్యాష్ కాదు, సంతకం పెట్టిన సర్టిఫికెట్ హ్యాష్. అది సాధారణంగా వెర్షన్లు మారినా మారదు. సిగ్నల్ తన ఏపీకే డౌన్‌లోడ్ పేజీలో సరిగ్గా దాన్నే ప్రచురిస్తుంది.

ఈ సర్టిఫికెట్ సంగతి మీకు తెలియకుండానే తెలుసు. జీబీ వాట్సాప్ లాంటి మాడ్ వేసేటప్పుడు "ముందు ఒరిజినల్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి" అని ఎందుకంటారు? సంతకం వేరు కాబట్టి ఆండ్రాయిడ్ దాన్ని పాత యాప్ మీద ఎక్కనివ్వదు. ఆ ఎర్రర్ ఫోన్ బగ్ కాదు, "ఇది వేరేవాడి పని" అని ఫోన్ మీకు మర్యాదగా చెప్తోంది. మనం మర్యాదగా ఒరిజినల్‌ని పీకేసి దొంగకి కుర్చీ వేస్తాం. 2021లో ఎఫ్‌ఎం వాట్సాప్‌లో, 2022లో యో వాట్సాప్‌లో ట్రయాడా ట్రోజన్‌ని కాస్పర్‌స్కీ పట్టుకుంది. మళ్లీ చెప్తున్నా, మాడ్ వాడొద్దు అనట్లేదు. ఎవరి సంతకంతో వచ్చిందో తెలిసి వాడండి అంటున్నా.

లిస్టు ఎవరి చేతిలో ఉండాలి?

"ఇదంతా గూగుల్ చూసుకుంటుంది కదా, మనకెందుకు" అనేవాళ్లు ఉన్నారు. చూసుకుంటోంది, కాదనను. ముందెప్పుడూ చూడని యాప్‌ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడే స్కాన్ చేసే ప్లే ప్రొటెక్ట్ ఫీచర్ 2023 అక్టోబర్‌లో మొదట వచ్చింది మన దేశంలోనే. ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ లాంటి పర్మిషన్లు అడిగే సైడ్‌లోడ్ యాప్‌లని ఆపే పైలట్‌ని 2024 అక్టోబర్‌లో ఇండియాకి ప్రకటించారు. చలానా ఏపీకేలకి ఇది గట్టి దెబ్బే, మెచ్చుకోవాలి.

కానీ 2025 ఆగస్టులో గూగుల్ ఇంకో అడుగు వేసింది. సర్టిఫైడ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇన్‌స్టాల్ అయ్యే ప్రతి యాప్ డెవలపరూ, ప్లే స్టోర్ బయట ఇచ్చేవాళ్లతో సహా, తన దగ్గర గుర్తింపు నమోదు చేసుకోవాలంది. 2026 సెప్టెంబర్‌లో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకి అని ప్లాన్ చెప్పింది. గొడవ అయ్యాక నవంబర్‌లో విద్యార్థులకీ, రిస్క్ తెలిసి ఇన్‌స్టాల్ చేసుకునేవాళ్లకీ వేరే దారి ఇస్తామంది.

ఇక్కడే నాకు మింగుడు పడట్లేదు. "తెలిసినవాళ్ల లిస్టు" అనే ఆలోచన మంచిది, నేనూ ఇంతసేపూ అదే చెప్తున్నా. కానీ నిస్ట్ లిస్టులో లేని ఫైల్‌ని ఎవరూ ఆపరు, దాన్ని కాస్త జాగ్రత్తగా చూడమంటారు, అంతే. ఆ లిస్టు ఎవరైనా దింపుకోవచ్చు, తప్పుంటే ఎత్తి చూపొచ్చు. ఒక కంపెనీ దగ్గరున్న లిస్టులో పేరు లేకపోతే నా ఫోన్‌లో నా యాప్ నడవదు అంటే అది గుర్తింపు కాదు, అనుమతి. ఎన్ఐటీలోనో, కాకతీయ యూనివర్సిటీలోనో సెకండియర్ చదివే పిల్లాడు హాస్టల్ మెస్ మెనూ కోసం ఓ చిన్న యాప్ రాసి ఫ్రెండ్స్‌కి పంపాలంటే కాలిఫోర్నియాలో పేరు రాయించుకోవాలా? మినహాయింపు ఇస్తామన్నారు, సరే. ఇచ్చినవాడు రేపు తీసేయగలడు కూడా. మనం చూసుకోవడం నేర్చుకోకపోతే, "వీళ్లకి చేతకాదు కాబట్టి మేమే చూసుకుంటాం" అని వాళ్లు చెప్పే మాటకి మనమే సాక్ష్యం అవుతాం.

మన చట్టం ఈ విషయంలో మనకంటే ముందుంది, ఆశ్చర్యంగా. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో, ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టుకిచ్చేటప్పుడు సెక్షన్ 63 కింద జతచేసే సర్టిఫికెట్ నమూనా ఉంది. అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి, ఏ పద్ధతిలో తీశారో టిక్ పెట్టాలి. అంటే వరంగల్ కోర్టులో ఒక సీసీటీవీ క్లిప్‌కో వాట్సాప్ ఆడియోకో హ్యాష్ కావాలి. మన బ్యాంక్ అకౌంట్ ఉన్న ఫోన్‌లోకి వెళ్లే ఏపీకేకి మాత్రం ఎవరూ అడగరు! ఇంట్లో ఎవరైనా మోసపోతే ముందు 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ డబ్బు వెనక్కి రావడం కష్టం. ఆ కంగారులో వాట్సాప్ చాట్‌నీ ఏపీకేనీ డిలీట్ చేయించకండి. కంప్లయింట్‌కి అదే సాక్ష్యం.

ఇక నా డిమాండ్. తెలుగులో టెక్ వీడియోలు చేసే ఛానళ్లు, ఈ సైట్‌తో సహా డౌన్‌లోడ్ లింకులిచ్చే సైట్లు, కాన్ఫిగ్‌లూ పోర్టులూ పంచే టెలిగ్రామ్ అడ్మిన్లు, లింక్ పక్కనే 64 అక్షరాలు పెట్టాలి. వీడియో వాళ్లయితే స్క్రీన్ మీద కూడా చూపించాలి. డిస్క్రిప్షన్‌ని హ్యాక్ చేసినవాడు వీడియో లోపలి ఫ్రేమ్‌ని మార్చలేడు, ఇంకో దారిలో రావాలి అన్నది ఇదే. సర్వీస్ షాపు అన్నలు ఫర్మ్‌వేర్ కంపెనీ సైట్ నుంచి దింపిన రోజే హ్యాష్ తీసి ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే, ఆరు నెలల తర్వాత అదే ఫైల్ పెన్‌డ్రైవ్‌లు తిరిగి వచ్చినా సరిచూసుకోవచ్చు. మీరు కస్టమర్‌గా వెళ్తే "అన్నా, ఈ ఫైల్ ఎక్కడిది, హ్యాష్ చూద్దామా" అని ఒక్కసారి అడగండి. మొదటివాడికి నవ్వొస్తుంది. పదోవాడు వచ్చేసరికి నోట్‌బుక్ కౌంటర్ మీద ఉంటుంది.